యూనివర్సిటీ మన గడ్డ మీద... సీట్లు ఎవరి ఖాతాలో?

(వడ్డాదిలో విద్యార్థులు, ఉద్యోగులు కలిసి పెట్టుకున్న సమావేశంలో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)



రాష్ట్రం గురించి మాట్లాడమని పిలిస్తే ఈయనేటి, సీట్ల గురించి మొదలెట్టాడు అనుకోకండి. ఇంజినీరింగు సీటు, ఫార్మసీ సీటు, లా సీటు, బీఈడీ సీటు, పాలిటెక్నిక్ సీటు... మన ఇళ్లల్లో రాష్ట్రం అనే మాట ముందు ఈ రూపంలోనే గుమ్మం తొక్కుతుంది. పిల్లకి సీటు వచ్చిందా, వస్తే ఎక్కడ వచ్చింది, ఫీజు ఎవరు కడతారు, హాస్టల్ దొరుకుతుందా? ఈ నాలుగు ప్రశ్నలకీ జవాబు దొరకని ఇల్లు ఈ బుచ్చెయ్యపేట మండలంలో ఎన్ని ఉన్నాయో మీకే బాగా తెలుసు.

ఇక్కడి నుంచి విశాఖపట్నం యాభై, అరవై కిలోమీటర్లు. దూరం అంతే. కానీ వడ్డాది హైస్కూల్లో చదివిన కుర్రాడు ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజినీరింగ్ కాలేజీ గేటు దాటాలంటే ఆ దూరం ఎంతో మనం ఇవాళ లెక్కేద్దాం. లెక్క అంటే నేను జేబులోంచి తీసే లెక్క కాదు. చట్టంలో, ఉత్తర్వుల్లో రాసి ఉన్న లెక్క.

ముందు ఆ యూనివర్సిటీ మన దగ్గరికి ఎలా వచ్చిందో రెండు ముక్కలు చెప్పాలి. మొన్ననే దానికి నూరేళ్లు నిండాయి కదా, శతాబ్ది ఉత్సవాల్లో ఈ కథ కొంత వినే ఉంటారు. 1926లో మద్రాసు శాసనసభ చట్టంతో ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టింది. పుట్టింది బెజవాడలో. కట్టమంచి రామలింగారెడ్డి గారు తొలి వైస్ చాన్సలర్. ముఖ్య కేంద్రం ఎక్కడ ఉండాలన్న దాని మీద బెజవాడ, రాజమండ్రి, విశాఖ, అనంతపురం అంటూ పెద్ద లాగులాటే నడిచింది. ఆఖరికి 1930 నాటికి వాల్తేరు కొండల మీదకి వచ్చింది. అదే ఏడాది ఉప్పు సత్యాగ్రహం మీద సర్కారు దమనకాండకు నిరసనగా రెడ్డి గారు పదవి వదిలేశారు. వైస్ చాన్సలర్ కుర్చీ అంటే అప్పట్లో అలా వదులుకునే కుర్చీ కూడా! 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు వచ్చారు. హుమాయూన్ కబీర్, హిరేన్ ముఖర్జీ, వీకేఆర్వీ రావు, భగవంతం, శేషాద్రి లాంటి వాళ్లని ఏరికోరి తెచ్చుకున్నారు. సి.ఆర్. రావు గారు, ప్రపంచం మొత్తం తెలిసిన ఆ గణాంక శాస్త్రవేత్త, ఎంఏ లెక్కలు చదివింది ఇక్కడే.

డబ్బు ఎక్కడిది? జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏడాదికి లక్ష రూపాయలు శాశ్వతంగా ఇస్తానన్నాడు. ఆయన పేరుతోనే సైన్సు, టెక్నాలజీ కాలేజీ వెలిసింది. రాజుగారి దాతృత్వాన్ని ఎవరూ కాదనరు. కానీ జమీందారు ఖజానాలో డబ్బు ఆకాశం నుంచి పడదు. అప్పటి విశాఖ జిల్లా ఏజెన్సీలో పోడు కొట్టుకుని, చోడి, సామ పండించుకున్న కొండరైతు శిస్తు అది. ఆ కొండరైతు మనవడికి ఆ కాలేజీలో ఎన్ని సీట్లు దక్కాయో మాత్రం శిలాఫలకం మీద రాయలేదు.

ఇంకోటి. 1930లలోనే వాల్తేరులో పంచదార టెక్నాలజీ చదువు పెట్టారు. ఎందుకు పెట్టారు? అనకాపల్లి బెల్లం, మన చెరుకు కళ్లెదుట ఉన్నాయి గనక. అనకాపల్లిలో చెరుకు పరిశోధన కేంద్రం 1913 నాటికే ఉంది. చదువు, పొలం, ఫ్యాక్టరీ ఒక తాడు మీద ఉండాలన్న ఆలోచన అప్పటి వాళ్లకి ఉంది. ఇవాళేటి పరిస్థితి? తుమ్మపాల మూతపడింది. ఏటికొప్పాక, తాండవ మూతపడ్డాయి. గోవాడ బకాయిల కోసం చోడవరం రోడ్ల మీద రైతులు కూచున్న సంగతి మీరు చూసిందే. చెరుకు మీద చదువు పుట్టిన నేల మీద చెరుకు ఫ్యాక్టరీలు ఒక్కొక్కటీ ఆరిపోతుంటే, మన పిల్లలు కంప్యూటర్ సైన్సు తప్ప మరోటి చదవమంటున్నారు. వాళ్లని తప్పు పట్టగలమా?

వైద్య కళాశాల 1923లో వచ్చింది. లా 1945లో, ఇంజినీరింగ్ 1946లో, ఫార్మసీ 1951లో. ఇన్ని తొలి చదువులున్న ఊరు తెలుగునాట తక్కువ. కాబట్టి మన బాధ కాలేజీలు లేవని కాదు మిత్రులారా. కాలేజీలు మన ఊళ్లోనే ఉన్నాయి. ప్రవేశం ఎవరిదన్నదే గొడవ.

ఇక అసలు విషయంలోకి వస్తాను. ఉద్యోగ మిత్రులు కాస్త చెవి ఇటు పెట్టాలి, ఎందుకంటే ఇందులో సగం మీ సర్వీసు పుస్తకాల్లో కూడా ఉంది.

1972 అక్టోబరులో ముల్కీ నిబంధనలు చెల్లుతాయని సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆంధ్ర ప్రాంతం భగ్గుమంది. జై ఆంధ్ర ఉద్యమంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం విద్యార్థులు తరగతులు వదిలి వీధుల్లోకి వచ్చారు. ఎన్జీఓలు నెలల తరబడి సమ్మె చేశారు. అంతకు ఆరేళ్ల ముందు, 1966 నవంబరు 1న, ఉక్కు ఫ్యాక్టరీ కోసం విశాఖలో కాల్పులకు ఎదురొడ్డింది కూడా ఈ తరమే. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చింది. సెప్టెంబరు 21న ఆరు సూత్రాల పథకం వచ్చింది. దాని కోసం రాజ్యాంగాన్ని 32వ సారి సవరించి 371-డి అధికరణం చేర్చారు. పనిలో పనిగా 371-ఇ కూడా చేర్చి హైదరాబాదులో కేంద్రీయ విశ్వవిద్యాలయం పెట్టారు. రోడ్డెక్కింది వాల్తేరు విద్యార్థి, యూనివర్సిటీ వచ్చింది గచ్చిబౌలికి! దీని మీద నాకు హైదరాబాదు వాళ్ల మీద కోపం లేదు. మన ఎమ్మెల్యేలు, ఎంపీలు అప్పుడు ఏం అడిగారన్నదే నా ప్రశ్న.

371-డి కింద రెండు ఉత్తర్వులు వచ్చాయి. 1974లో సీట్ల ఉత్తర్వు, 1975లో ఉద్యోగాల ఉత్తర్వు. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవండి, మన కథ మొత్తం అందులోనే ఉంది.

ఉద్యోగాల ఉత్తర్వులో కోస్తాని మూడు జోన్లు చేశారు. శ్రీకాకుళం, విశాఖ ఒకటో జోను. విజయనగరం జిల్లా 1979లో పుట్టాక అదీ ఇందులోదే. రెండు గోదావరులు, కృష్ణా రెండో జోను. గుంటూరు, ప్రకాశం, నెల్లూరు మూడో జోను. అంటే ఏటి అర్థం? ఉత్తరాంధ్ర వేరే మట్టం మీద ఉంది, డెల్టాతో కలిపి పోటీ పెడితే నిలబడలేదు అని ప్రభుత్వమే ఒప్పుకుంది.

సీట్ల ఉత్తర్వులో మాత్రం జోన్లు లేవు. యూనివర్సిటీ ఏరియాలు పెట్టారు. ఆంధ్ర ఏరియా, ఉస్మానియా ఏరియా, శ్రీ వెంకటేశ్వర ఏరియా. ఇచ్ఛాపురం నుంచి ప్రకాశం జిల్లా చివరి దాకా మొత్తం ఒకే ఆంధ్ర ఏరియా. ఆ ఏరియా కాలేజీల్లో 85 శాతం సీట్లు స్థానికులకి. స్థానికుడంటే ఎవరు? వడ్డాది కుర్రాడూ స్థానికుడే, ఒంగోలు కుర్రాడూ స్థానికుడే. మిగతా 15 శాతం అందరికీ. ఇక రాష్ట్రస్థాయి సంస్థల్లో మూడు ఏరియాలకీ 42, 36, 22 నిష్పత్తిలో పంచారు. 42 మనదే కదా అని మురిసిపోకండి. ఆ నలభై రెండులో శ్రీకాకుళం వాటా ఎంత, విజయనగరం వాటా ఎంత అని ఆ ఉత్తర్వు అడగదు.

అయ్యా, అది యూనివర్సిటీ పరిధిని బట్టి వేసిన గీత, ఎవరేం చేస్తారు అంటారు కొందరు. సరే, అలాగే అనుకుందాం. నెల్లూరు కోస్తా జిల్లా. ఉద్యోగాలకి కోస్తా జోనులోనే ఉంది. సీట్లకి మాత్రం శ్రీ వెంకటేశ్వర ఏరియాలో వేశారు. అంటే గీత ఎటు కావాలంటే అటు గీయొచ్చన్న మాట! పైగా 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం వచ్చింది. 2006లో నన్నయ విశ్వవిద్యాలయం, 2008లో కృష్ణా విశ్వవిద్యాలయం, అదే ఏడాది ఎచ్చెర్లలో అంబేద్కర్ విశ్వవిద్యాలయం వచ్చాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిధి ముక్కలు ముక్కలుగా తగ్గిపోయింది. సీట్ల పట్టికలో ఆంధ్ర ఏరియా మాత్రం చెక్కు చెదరలేదు. గుంటూరు డిగ్రీ కాలేజీ మీద ఏయూకి పెత్తనం పోయి యాభై ఏళ్లు. ఏయూ సీటు మీద గుంటూరుకి స్థానిక హక్కు మాత్రం ఉండిపోయింది.

2014లో రాష్ట్రం విడిపోయింది. విభజన చట్టం 95వ సెక్షన్ ఉన్నత విద్య ప్రవేశాల్లో పాత కోటాలు పదేళ్లు కొనసాగుతాయంది. ఆ పదేళ్లు 2024 జూన్ 2తో అయిపోయాయి. 2025లో తెలంగాణ ప్రభుత్వం తన 15 శాతం సీట్లని తన ప్రాంతపు వాళ్లకే పరిమితం చేసుకుంది. తన పిల్లల కోసం చేసుకుంది, వాళ్లని అడిగే హక్కు మనకు లేదు. కానీ దాని ఫలితం చూడండి. హైదరాబాదు వైపు చూసే డెల్టా పిల్లలు ఇప్పుడు ఎటు చూస్తారు? విశాఖ వైపు. పోటీ ఇంకా బిగుస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 42, 22గా ఉన్న నిష్పత్తిని విభజన తర్వాత 65.62, 34.38 అని దశాంశాల దాకా లెక్కగట్టారు. అంత సూక్ష్మంగా లెక్కగట్టే సచివాలయానికి, ఆంధ్ర ఏరియా లోపల ఉత్తరాంధ్ర వంతు ఎంత అనే లెక్క మాత్రం ఎందుకో గుర్తు రాలేదు.

అదే విభజన చట్టంలో 46వ సెక్షన్ ఉంది. రాయలసీమ, ఉత్తర కోస్తా వెనుకబడిన ప్రాంతాలని రాసి ఉంది. దాని పేరు మీదే జిల్లాకి ఏడాదికి 50 కోట్ల చొప్పున కొన్నేళ్లు ఇచ్చారు. నిధులప్పుడు మూడు జిల్లాలూ వెనుకబడినవి. ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌కి వెళ్లేసరికి ఆ వెనుకబాటు ఎగిరిపోతుందా?

ఇక్కడ ఒక తండ్రి నన్ను దారిలో ఆపి అడిగాడు. "బాబూ, ఉత్తరాంధ్రని వేరే ఏరియా చేస్తే మా గుంటని ఇంటర్‌కి విజయవాడ పంపాను, దానికి నష్టం కాదా?" అని. న్యాయమైన భయం. ఇది ఉద్యోగుల ఇళ్లల్లో ఇంకా ఎక్కువ. జవాబు ఉత్తర్వులోనే ఉంది. అర్హత పరీక్షతో కలిపి వరసగా నాలుగేళ్లు ఒకే ఏరియాలో చదివితే అక్కడ స్థానికం. అలా కుదరకపోతే ఏడేళ్ల లెక్క చూస్తారు, ఆ ఏడేళ్లలో ఎక్కడ ఎక్కువ కాలం చదివితే అక్కడ స్థానికం. ఆరు నుంచి పది దాకా వడ్డాదిలో అయిదేళ్లు, ఇంటర్ రెండేళ్లు విజయవాడలో. అయిదు ఎక్కువా, రెండు ఎక్కువా? పిల్ల మనదే. అదే ఆరో తరగతి నుంచే తీసుకెళ్లి డెల్టా హాస్టల్లో పడేస్తే మాత్రం లెక్క తిరగబడుతుంది. ఆ మాట కూడా దాచకుండా చెప్పాలి.

ఇంకో మాట వినిపిస్తుంది. "మెరిట్ ఉంటే ఎక్కడైనా సీటొస్తుంది" అని. మెరిట్ అంటే ఏటో ఒకసారి చూద్దాం. ఒకడు తెల్లారి అయిదింటి నుంచి రాత్రి పదింటి దాకా ఏసీ గదిలో మోడల్ టెస్టులు రాస్తాడు. ఇంకొకడు మాడుగుల కొండ పక్కన ఊరి నుంచి బస్సో ఆటోనో పట్టుకుని జూనియర్ కాలేజీకి వస్తాడు. ఫిజిక్స్ లెక్చరర్ పోస్టు ఖాళీ. రోడ్డు సంగతి మీ నడుములనే అడగండి, మన బి.ఎన్. రోడ్డు గోతుల మీద ఏళ్ల తరబడి ఎన్ని ధర్నాలు చేశామో! ఈ ఇద్దరూ ఒకే పరీక్ష రాసి, ఒకే ఏరియాలో స్థానికులుగా ఒకే వరసలో నిలబడాలి. నేను రెండోవాడికి సానుభూతి అడగడం లేదు. 1975లో ఉద్యోగాలకి ఒప్పుకున్న తర్కాన్నే సీట్లకి కూడా ఒప్పుకోమంటున్నాను.

సరే, సీటు వచ్చిందే అనుకుందాం. ఆ తర్వాత జీవితం ఎలా ఉంటుందో కాలేజీ తమ్ముళ్లకి నేను చెప్పక్కర్లేదు గానీ, పెద్దలకి తెలియాలి.

మొదటి రోజు మన కుర్రాడు హాస్టల్ గదిలో నోరు విప్పుతాడు. "ఏటి బావూ, ఎలగున్నావు" అంటాడు. పక్కవాడు నవ్వుతాడు. సినిమాల్లో పనివాడికీ, అమాయకుడికీ పెట్టే యాస కదా ఇది! గురజాడ అప్పారావు గారు కన్యాశుల్కం రాసిన గడ్డ మీద, గిడుగు రామమూర్తి గారు జనం భాష కోసం పోరాడిన గడ్డ మీద, మన ఊళ్లోని యూనివర్సిటీలో మన మాట నవ్వులాట అవుతుంది. వారం తిరిగేసరికి కుర్రాడు మాట మార్చుకుంటాడు. నెల తిరిగేసరికి మాట్లాడటమే తగ్గిస్తాడు. క్లాసులో లేచి ప్రశ్న అడగడు. దీన్ని ఏ ర్యాంకు కార్డూ లెక్కపెట్టదు.

తర్వాత మెస్ బిల్లు. నెల తిరిగేసరికి గోడ మీద బాకీల జాబితా. పేరు అందులో ఉంటే ఆ రోజు క్యాంటీన్ వైపు కూడా పోబుద్ధి కాదు. హాస్టల్ రానివాడు తెలిసినవాడి గదిలో గెస్టుగా దూరతాడు. ఇద్దరి గదిలో నలుగురు, ఒక మంచం మీద వంతులు. శని, ఆదివారాలు పెళ్లిళ్లలో క్యాటరింగ్ పనికి పోయి వడ్డించే పిల్లలు ఎందరో. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు వేసుకుని బకెట్ పట్టుకున్నవాడు ఎమ్మెస్సీ అని తినేవాళ్లకి తెలీదు. తెల్లారి ఆ పిల్లలే వి.ఎస్. కృష్ణా లైబ్రరీలో డీఎస్సీకో, గ్రూప్-2కో పుస్తకం ముందు తూగుతుంటారు. సముద్రం ఎదురుగానే ఉంటుంది. బీచ్ రోడ్డులో తిరగడానికి డబ్బు అక్కర్లేదు, అదొక్కటే వాళ్లకి ఉచితం.

ఆడపిల్లల సంగతి వేరు. సీటు వచ్చినా హాస్టల్ రాకపోతే ఇంట్లో పంపరు. "రోజూ బస్సులో పోయి రా" అంటారు. పొద్దున్న ఆరింటికి బయల్దేరి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరే పిల్ల ల్యాబ్ రికార్డు ఎప్పుడు రాస్తుంది? రెండో ఏడు వచ్చేసరికి సంబంధం చూస్తారు. ఎన్ని బీటెక్‌లు, బీఫార్మసీలు ఆ రెండో ఏట ఆగిపోయాయో మన ఊళ్లల్లో వీధి వీధికీ తెలుసు. నన్నడిగితే సీట్ల వాటా కంటే ముందు ఆడపిల్లల హాస్టల్ అడగాలి. ఈ విషయంలో మన ఉద్యమ పత్రాల్లో ఒక్క వాక్యం కూడా లేకపోవడం నాకు నచ్చలేదు.

ఫీజుల మాట చెప్పి ముందుకు పోతాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చాక పేదింటి పిల్లలు ఇంజినీరింగ్ మెట్లెక్కారు. అది నిజం, ఎవరు తెచ్చినా నిజమే. కానీ సర్కారు బాకీ పడితే కాలేజీ విద్యార్థి మెడ పట్టుకుంటుంది. డబ్బు కట్టు, సర్టిఫికెట్ పట్టుకుపో అంటుంది. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, ఈ మాట మారలేదు. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేసేవాళ్లకైతే 2020 డిసెంబరులో 77వ నంబరు జీఓతో ఆ సాయం కూడా తీసేశారు. యూనివర్సిటీలో సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు పెరిగాయి, శాశ్వత అధ్యాపకులు రిటైరైపోతుంటే వాళ్ల కుర్చీల్లో గెస్ట్ ఫ్యాకల్టీ కూచున్నారు. రాధాకృష్ణన్ గారు దేశమంతా గాలించి మనుషుల్ని తెచ్చిన చోట ఇవాళ పీరియడ్‌కి ఇంత అని లెక్కగట్టి పాఠం చెప్పిస్తున్నారు.

చదువు అయ్యాక? పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం సెజ్ మన అనకాపల్లి జిల్లాలోనే ఉన్నాయి. భూములు ఇచ్చింది మనవాళ్లు. మన పిల్లలకి దక్కేది ఎక్కువగా కాంట్రాక్టు హెల్పర్ పని, షిఫ్టు పని. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో ఒక ఫార్మా కంపెనీలో ప్రమాదం జరిగి 17 మంది చనిపోయారు. పక్కనే డెబ్బై ఏళ్ల నాటి ఫార్మసీ విభాగం, అంతకన్నా పాతదైన కెమికల్ ఇంజినీరింగ్ విభాగం ఉన్న ఊరు మనది. ఈ కంపెనీల్లో భద్రత ఎలా ఉందో చూసి నివేదిక రాసే పని ఆ విభాగాలకి ఎందుకు అప్పజెప్పరు? మన ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో రసాయన భద్రత ఒక కోర్సుగా ఎందుకు పెట్టరు? ప్రొఫెసర్లు కూడా దీన్ని అడగాలి. జీతం రాష్ట్రం ఇస్తుంది, ఊరు మాత్రం మనది.

మిత్రులారా, గుంటూరు పిల్లాడినో, భీమవరం పిల్లనో మన క్యాంపస్ నుంచి తరిమెయ్యమని నేను అనడం లేదు. వాళ్ల తాతలు కూడా ఈ విశ్వవిద్యాలయం కోసం చందాలిచ్చారు, జైళ్లకెళ్లారు. 1937లో శ్రీబాగ్ ఒడంబడికలో రాయలసీమ వాళ్లు ముందుగా అడిగిన వాటిలో ఒకటి అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం. ఆంధ్రలో ఏ ప్రాంతానికి బాధ కలిగినా అది ముందు యూనివర్సిటీ దగ్గరే బయటపడింది. వాళ్లు అడిగారు, 1954లో తిరుపతికి యూనివర్సిటీ వచ్చింది. అడిగే హక్కు వాళ్లకి ఉన్నట్టే మనకీ ఉంది.

మనం అడిగేది ఇది. ఆంధ్ర ఏరియా 85 శాతం లోపల పాత శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాలకి విడి వాటా కావాలి. ప్రత్యేక రాష్ట్రం వచ్చేదాకా ఇది ఆగక్కర్లేదు. రాష్ట్రపతి ఉత్తర్వు సవరిస్తే చాలు, ఇంతకు ముందు సవరించారు కూడా. అడిగేముందు మన చేతిలో కాగితం ఉండాలి. "అన్యాయం జరుగుతోంది" అంటే సచివాలయంలో ఎవరూ వినరు. ఏ కాలేజీలో, ఏ కోర్సులో, ఏ ఏడాది, 85 శాతంలో ఏ జిల్లా పిల్లలు ఎందరు? ఈ లెక్క మనం తేవాలి.

దానికి సమాచార హక్కు చట్టం ఉంది. యూనివర్సిటీకి, ఉన్నత విద్యామండలికి దరఖాస్తు రుసుము పది రూపాయలు. తెల్లకార్డు ఉన్నవాళ్లకి అదీ లేదు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు. నమూనా దరఖాస్తు అదిగో ఆ బల్ల మీద పెట్టాం. పది కోర్సుల పేర్లు ఖాళీగా వదిలాం, ఒక్కొక్కరు ఒక్క కోర్సు తీసుకోండి. చోడవరం డిగ్రీ కాలేజీ తమ్ముళ్లు ఇంజినీరింగ్ విభాగాలు పంచుకోండి. టీచర్లు బీఈడీ, డైట్ లెక్క తీసుకోండి, అది మీకే తెలిసిన లోకం. కింద రెండో ప్రశ్నగా ఆడపిల్లల హాస్టల్ సీట్లు ఎన్ని, దరఖాస్తులు ఎన్ని అని కూడా చేర్చాం, దాన్ని ఎవరూ కొట్టేయకండి. పోస్టు చేసిన రసీదు జెరాక్స్ ఒకటి మన పత్రికకి పంపండి, జవాబు వచ్చింది వచ్చినట్టు అచ్చు వేస్తాం. పెన్నులు తక్కువ ఉన్నాయి, ఒకరి తర్వాత ఒకరు రాయండి.